పైడితల్లికి ఉద్యోగం చూపించిన ఆఫీసు

మెట్టపేటలో దివ్యాంగులకు ఉద్యోగాలిప్పించే సర్కారు ఆఫీసు ఒకటుండేది. అందులో ఆఫీసరు పరదేశినాయుడు, గుమాస్తా కనకలింగం, అటెండరు తాతారావు అని ముగ్గురు. ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. పొద్దున్నే వచ్చి ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకుంటే గానీ కుర్చీల్లో కూర్చునేవారు కాదు.

"మిగతా ఆఫీసుల్లో కాగితం చదివి అర్థం వెతుక్కుంటారు. మనకా ఖర్మ లేదు. ఏం రాసుంటే అదే చేస్తాం!" అనేవాడు నాయుడు.

"అర్థం జోలికి పోతేనే కదా సార్ తప్పులొచ్చేది!" అనేవాడు కనకలింగం.

ఒకరోజు ఆ ఆఫీసుకి పైడితల్లి వచ్చింది. చిన్నప్పుడే పోలియోతో ఆమె రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద తిరుగుతుంది. ఇంటి అరుగు మీద కూర్చుని మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తుంది. వాళ్ళ వీధిలో ఆమె చెయ్యి పడని మిక్సీ లేదు. కరెంటు మీటర్లు బాగుచేసే వర్క్‌షాపులో దివ్యాంగుల కోటా కింద ఒక ఉద్యోగం ఖాళీ ఉందట. ఈ ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్తేనే ఇస్తారట. నెలాఖరు దాటితే అదీ పోతుందట. అది విని వచ్చింది.

ఆఫీసేమో మేడ మీద.

"పైకి రామ్మా!" అని పిట్టగోడ మీంచి కేకేశాడు తాతారావు.

"మెట్లెక్కలేను బాబూ. మీరే దిగి దరఖాస్తు తీసుకోండి."

ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. దరఖాస్తులు ఆఫీసులోనే తీసుకోవాలని రూలు. కిందున్నదేమో వీధి.

"బోర్డు ఎక్కడుంటే అదే కదా సార్ ఆఫీసు?" అన్నాడు తాతారావు.

అంతే! బోర్డు ఊడదీసి, తాడు కట్టి కిందికి దింపి, పైడితల్లి బండికి ఆనించారు. ముగ్గురూ దిగొచ్చి దరఖాస్తు తీసుకున్నారు. ముద్ర వెయ్యబోతే, ముద్ర మేడ మీదుంది.

"పోయి పట్రారా తాతారావూ" అన్నాడు నాయుడు.

"ఎలా సార్? బోర్డు ఇక్కడికొచ్చేసిందిగా. పైనున్నది ఇప్పుడు ఎవరి మేడో ఏమో. జొరబడి ముద్ర పట్టుకొస్తే దొంగతనం కాదూ?"

ఇంకేముంది! ముగ్గురూ కుర్చీల్లేకుండా నాలుగు రోజులు ఎండలో నిలబడ్డారు. అయిదో రోజు వానొస్తే, బోర్డు తడుస్తుందని పైకి మోసుకుపోయారు. అప్పుడు దొరికింది ముద్ర.

"రేపు రామ్మా" అన్నారు పైడితల్లితో. మర్నాడు వెళ్ళింది.

"ఇవాళ ఎందుకొచ్చావు? రేపు రమ్మన్నాం కదా" అన్నాడు కనకలింగం.

ఆ పైన రోజూ అదే మాట. బండి తిప్పీ తిప్పీ పైడితల్లి అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి ఒళ్ళు మండిపోయింది.

"వచ్చినవాళ్ళని కాళ్ళరిగేలా తిప్పొద్దని మీకు ఉత్తర్వు లేదా సార్?" అని కింద నుంచి అరిచింది.

కనకలింగం ఉత్తర్వు వెతికి, వేలు పెట్టి చదివాడు. "ఉందమ్మా. కానీ కాళ్ళన్నారు. నీకు అరిగేవి చక్రాలు. చక్రాల ఊసు ఇందులో లేదు."

పైడితల్లికి ఏడుపొచ్చింది. దారి పొడుగునా ఏడ్చింది. ఇంటికెళ్ళి ముఖం కడుక్కుని, జిల్లా పెద్దాఫీసుకి అర్జీ రాసి పడేసింది. వారానికల్లా అక్కణ్ణుంచి మెట్టపేట ఆఫీసుకి తాఖీదొచ్చింది: 'ఈ ఫైలు వెంటనే కదలాలి.'

అంతే! ఫైలుని సైకిలుకి కట్టి తాతారావు ఊరంతా తిప్పాడు. చేపల బజారులో తాడు తెగింది. దరఖాస్తు ఎగిరి రొయ్యల గంపలో పడింది.

"కదిలిందా?" అన్నాడు నాయుడు.

"కదలడమేంటి సార్, ఎగిరింది!"

సంగతి తెలిసి పెద్దాఫీసు వాళ్ళు ఈసారి ఘాటుగానే రాశారు: 'ఆ అమ్మాయి తన కాళ్ళ మీద తాను నిలబడేలా వెంటనే ఉద్యోగం చూపించండి.'

కనకలింగం గబగబా జాబితా తెరిచాడు. "సార్! తన కాళ్ళ మీద నిలబడిందంటే ఇక దివ్యాంగురాలు కాదు. మన జాబితాలోంచి పేరు కొట్టెయ్యాలి!"

"అందుకే ఆమె నిలబడక ముందే చూపించేద్దాం" అన్నాడు నాయుడు.

ఆ రోజు నెలాఖరు. ముగ్గురూ పైడితల్లి బండిని తోసుకుంటూ మీటర్ల వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు. ఇన్నాళ్ళకి దయ కలిగిందనుకుని పైడితల్లి పొంగిపోయింది. తీరా వాళ్ళు బండిని కిటికీ దగ్గర ఆపారు.

"అదిగో ఉద్యోగం. చూశావా? బాగా చూడు. చూశానని ఇక్కడ సంతకం పెట్టు."

పైడితల్లి కిటికీలోంచి లోపలికి చూసింది. ఇందుకా ఇంత తిరిగింది? కానీ లోపల సూపర్‌వైజరు జోగినాథం వెనక్కి తిరుగుతున్న మీటరొకటి పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఆమె కళ్ళు దాని మీద పడ్డాయి.

"బాబూ, ఆ సన్న తీగలు రెండూ అటుదిటు మార్చి అతికారు" అంది ఉండబట్టలేక.

"నువ్వు చెయ్యగలవా?" అని అతను మీటరూ, అతుకులు వేసే సామానూ కిటికీలోంచి అందించాడు. పైడితల్లి ఒళ్ళో పెట్టుకుని సరిగ్గా అతికి ఇచ్చింది. మీటరు బుద్ధిగా ముందుకి తిరిగింది.

"పొద్దుట్నుంచీ దీంతో చస్తున్నానమ్మా! ఉపాధి ఆఫీసు ఉత్తరం ఉంటే రేపే వచ్చెయ్" అన్నాడు జోగినాథం.

నాయుడు జేబులోంచి కాగితం తీశాడు: 'పైడితల్లికి ఈ ఉద్యోగం చూపించడమైనది.' కింద సంతకం, ముద్ర. జోగినాథం ముద్ర చూసి ఇంకేమీ అడగలేదు. "సరే, పోస్టింగు సంగతి మీరు చూసుకోండి" అని లోపలికెళ్ళిపోయాడు. పైడితల్లి కొంగుతో కళ్ళొత్తుకుని, మొదటిసారిగా ఆ ముగ్గురికీ దణ్ణం పెట్టింది.

మర్నాడు కొత్త చీర కట్టుకుని పనికి బయల్దేరితే, వీధి మలుపులో పోస్టు డబ్బా పక్కన ముగ్గురూ కాచుక్కూర్చున్నారు. నాయుడి చేతిలో స్టాంపులు, తాతారావు చేతిలో జిగురు.

"ఆగమ్మా, నిన్ను పోస్టు చెయ్యాలి!" అంటూ ఆమె బండికి నాలుగు స్టాంపులు అంటించారు. నుదుటి మీద అయిదోది అంటించబోతే పైడితల్లి చెయ్యి విదిలించింది.

"డబ్బా నోరు చిన్నది సార్, పట్టేలా లేదు" అన్నాడు కనకలింగం. లోపలెంత చోటుందో చూద్దామని మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. ఇరుక్కుపోయింది.

"నాకు పనికి టైమైపోతోంది సార్!" అని పైడితల్లి పగలబడి నవ్వుతూ బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

"సార్, చెయ్యి లాగండి!" అని కనకలింగం గగ్గోలు పెట్టాడు.

"తప్పు! పోస్టులో పడ్డదాన్ని వెనక్కి లాగడానికి మనమెవరం?" అన్నాడు నాయుడు.

తపాలా బంట్రోతు డబ్బా తెరవడానికొచ్చేసరికి, తాతారావు కనకలింగం వీపు నిండా స్టాంపులంటించి, శ్రద్ధగా వాళ్ళావిడ చిరునామా రాస్తున్నాడు.