గిన్నెలో తిరిగొచ్చిన కొలత తాడు

అనగనగా ఒక నగరం. గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు కట్టుకున్నారు గానీ, పక్కింటివాడి పేరేమిటంటే తల గోక్కునేవారు.

ఆ నగరంలో ఒక సందు చివర చెత్తదిబ్బ ఉండేది. బతకడానికొచ్చిన నాంచారమ్మ దాన్ని చూసి ఊరుకోలేక, చెత్త ఎత్తిపోసి నాలుగు బీరగింజలు నాటింది. ఒకరు నీళ్ళు పోశారు, ఒకరు కంచె కట్టారు, పదిమంది ఊరికే సలహాలిచ్చారు. ఏడాది తిరిగేసరికి అక్కడ బీరకాయలు, వంకాయలు, గోంగూర! అంతకంటే వింత, సందంతా ఆమెను "పిన్నీ" అని పిలవసాగింది. నా అన్నవాళ్ళు లేని నాంచారమ్మకి ఆ పిలుపే ప్రాణం.

ఒకనాడు అశ్వశాల అధికారి దండపాణి కొలత తాడుతో దిగాడు.

"ఇక్కడ రాజుగారి గుర్రాలకు శాల కడతాం. ఖాళీ చెయ్యండి!"

నాంచారమ్మ తోటకేసి, సందుకేసి చూసింది. తోట పోతే మళ్ళీ ఎవరి తలుపు వాళ్ళదే. అయినా గుమ్మంలోకొచ్చిన మనిషి కదా!

"ఎండనపడి వచ్చావు బాబూ, ఇది ఇంటికి పట్టుకెళ్ళు" అంటూ గిన్నెడు బీరకాయ పచ్చడి చేతిలో పెట్టింది. ఒక చేతిలో గిన్నె, ఒక చెయ్యి మీసం మీద. ఇక తాడు పట్టేదెలా? వెళ్ళిపోయాడు.

మర్నాడు అతని భార్య అడ్డుపడింది. "గిన్నె ఖాళీగా తిరిగిస్తారా? పరువు తక్కువ!" గుర్రాల దాణాలోంచి 'పొరపాటున' ఇంటికొచ్చిన ఉలవలు నిండా పోసిచ్చింది. నాంచారమ్మ వాటితో ఉలవచారు కాచి, సందంతటికీ పోసి, అతను తెచ్చిన గిన్నె మళ్ళీ నింపి పంపింది. ఆ రోజూ కొలత సాగలేదు.

మూడోనాడు రాజుగారే వచ్చారు. "జానెడు నేల కొలవలేదేమయ్యా?"

దండపాణి మీసం మీంచి చెయ్యి దించాడు. "వీళ్ళ గిన్నె మా వంటింట్లో ఉంది ప్రభూ. అది ఉండగా తోట ఎలా తవ్వించను?"

రాజు నవ్వు ఆపుకుని, "ఏం కాస్తాయమ్మా ఇక్కడ?" అన్నాడు.

"కూరగాయలు ప్రభూ. వాటితోపాటు చుట్టాలు" అని నాంచారమ్మ తన సందు జనాన్ని చూపించింది. పనిలోపనిగా రాజు చేతిలోనూ ఓ గిన్నె పెట్టింది. గోంగూర పులుసు.

కోటలో రాణి అది లొట్టలేసుకుని తిని, "గిన్నె ఖాళీగా పంపుతామా?" అంది. రాజు బంగారం పెట్టి చూశాడు. గోంగూర ముందు వెలవెలబోయింది. చివరికి దండపాణిని పిలిపించాడు.

తెల్లారి గిన్నె తిరిగొచ్చింది. అందులో చుట్టచుట్టిన కొలత తాడు! నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ తాడుతోనే కొత్త బీరపందిరి కట్టింది. గుర్రాలు ఊరవతలికి పోయాయి. ఉలవలు మాత్రం ఇప్పటికీ ఆ సందుకే వస్తున్నాయట.

కలిసి పండించి పంచుకు తినేచోట పరాయివాళ్ళు అయినవాళ్ళవుతారు. అలాంటి నేల ఏ కొలత తాడుకూ అందదు.