జకరయ్య దాచుకున్న పాట

కాకినాడలో జకరయ్య అనే బ్యాండు మాస్టారు ఉండేవాడు. ట్రంపెట్ ఊదడంలో గట్టివాడే కానీ, తన పాట ఇంకొకరు వాయిస్తే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు.

నిజానికి ఆ పాట ఆయనది కాదు. ఓడల్లో పనిచేసే బావమరిది మోషే ఎప్పుడో జమైకా దేశపు పాటల క్యాసెట్ ఒకటి తెచ్చాడు. స్కా అంటారట వాటిని. మనం చప్పట్లు కొట్టేచోట కాకుండా, రెండు చప్పట్ల మధ్య దెబ్బ పడుతుంది. వింటే కాళ్లు వాటంతటవే లేస్తాయి. జకరయ్య అందులో ఒక పాటను పెళ్లి ఊరేగింపుల్లో వాయించాడు. చేతికర్రతో నడిచే తాతలు కూడా గెంతారు. ఊరంతా దాన్ని జకరయ్య పాట అంది. కొన్నాళ్లకు ఆయనా అదే నమ్మేశాడు.

మంచి పాట ఒకచోట కూర్చుంటుందా? సామర్లకోటలో దాన్ని సన్నాయి మీద వాయించారు. పిఠాపురంలో సుభానీ బ్యాండు క్లారినెట్ మీద వాయించింది. జకరయ్యకు ఒళ్లు మండిపోయింది.

"రేపట్నించి పాట మార్చేద్దాం. ఎవడికీ అంతుపట్టకూడదు," అన్నాడు.

"మారిస్తే మనకైనా అంతుపడతాదా మాస్టారూ?" అని అడిగాడు డ్రమ్ము వాయించే అబ్బులు.

"నోర్ముయ్!" అన్నాడు జకరయ్య.

ఆ వారమే రైసుమిల్లు వీర్రాజుగారి పెద్దమ్మాయి పెళ్లి. "మగపెళ్లివారు మెచ్చుకుంటే మిగతా పిల్లల పెళ్లిళ్లన్నింటికీ నీ బ్యాండే," అని వీర్రాజుగారు మాటిచ్చారు. ఎదురుకోలుకు ఆడపెళ్లివారు పానకం బిందెలతో, జకరయ్య బ్యాండుతో బయలుదేరారు. తీరా చూస్తే మగపెళ్లివారు సుభానీ బ్యాండును వెంటబెట్టుకొచ్చారు!

జకరయ్య జాగ్రత్తపడ్డాడు. పాటను చివరి నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో పడాల్సిన దెబ్బను ముందుకు జరిపాడు. ఉన్నట్టుండి ఆపేశాడు. అప్పుడే హుషారుగా గాల్లోకి ఎగిరిన పెళ్లికొడుకు మేనమామ తడబడి పానకం బిందె మీద పడ్డాడు.

"జకరయ్య పాటను ఇంత ఘోరంగా వాయించినోణ్ణి నేనెక్కడా చూడలేదు!" అని ఆయన పానకం ఓడుతూ లేచాడు.

"ఆ జకరయ్యను నేనేనండి!"

"పైగా అబద్ధం కూడానా?"

వీర్రాజుగారికి తలకొట్టేసినట్టయింది. గబగబా సుభానీకి సైగ చేశారు. సుభానీ పాట ఎత్తుకున్నాడు. దెబ్బ పడాల్సినచోట పడింది. తడిసిన మేనమామ అందరికంటే ముందు గెంతాడు. అబ్బులు చేతులు కూడా ఆగలేదు. చివరికి జకరయ్య కాలే తాళం వేయసాగింది. తన కాలి మీద తనకే కోపం వచ్చింది.

పాట అయ్యాక సుభానీ దగ్గరికొచ్చి, "మీ దగ్గర విన్నదే మాస్టారూ, తప్పుంటే చెప్పండి," అన్నాడు.

జకరయ్యకు మోషే క్యాసెట్ గుర్తొచ్చింది. ఆ పాట కట్టిన జమైకా ఆయన కాకినాడ దాకా వచ్చి తన ట్రంపెట్ లాక్కోలేదు కదా! సిగ్గుతో తల వంచుకున్నాడు.

"తప్పేం లేదు బాబూ. మళ్లీ ఎత్తుకో, నేనూ కలుస్తాను," అన్నాడు.

వీర్రాజుగారి మిగతా పిల్లల పెళ్లిళ్లన్నీ సుభానీకే దక్కాయి. జకరయ్య వాటిలో పక్కన నిలబడి ఊదాడు, సంతోషంగానే.

పిల్లలూ, మనం ఒకరి దగ్గర నేర్చుకున్నదాన్ని ఇంకొకరికి అందకుండా దాచబోతే, అది ముందు మన చేతుల్లోనే పాడైపోతుంది.