నలభై మందికి డోలాజ్వరం

సింగమడుగు రాజు విజయకేసరికి ఒకనాటి పొద్దున తన విద్యాపీఠం చూసి రావాలని బుద్ధి పుట్టింది. రాజుగారికి బుద్ధి పుట్టిందంటే ఆ రాజ్యంలో ఎవరికో మూడిందన్నమాటే. ఈసారి మూడింది నలభై మంది కొత్త విద్యార్థులకు.

ఆ పీఠంలో ఇరవై రెండు శాస్త్రాలకు ఇరవై రెండు శాలలు. చేరినవాళ్ళు గుమ్మం దగ్గర పలక మీది పేర్లు చదివి, ఒక శాస్త్రం పేరు చెప్పి, ఆ శాలలోకి పోవాలి. ఆ తర్వాత ఇంకో శాల గడప తొక్కకూడదు. ఏదీ చెప్పలేనివాళ్ళు చెప్పేదాకా ముంగిట్లోనే కూర్చోవాలి. రాజుగారు వెళ్ళేసరికి నలభై మంది ఆర్నెల్లుగా అక్కడే కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నారు.

"నువ్వేం చదువుతున్నావమ్మా?" అని మైలమ అనే అమ్మాయిని అడిగాడు రాజు.

"ఇంకా తేల్చుకోలేదు ప్రభూ. గజశాస్త్రం బాగుంటుందనిపిస్తోంది. గణితమూ బాగుంటుందనిపిస్తోంది. రెండూ నేను చూడలేదు."

తక్కినవాళ్ళనీ అడిగాడు. అందరిదీ అదే పాట. నలభై నోళ్ళలో ఒకే మాట రావడం చూసి రాజుగారికి ఇది అంటువ్యాధేమోనన్న భయం పట్టుకుంది. వెంటనే రాజవైద్యుడికి కబురు వెళ్ళింది.

రాజవైద్యుడు కంఠీరవశర్మకు తెలియని రోగం లేదు. తెలియనిది ఎదురైతే అక్కడికక్కడే పేరు పెట్టేసేవాడు. నలభై నాడులూ పట్టి చూసి, గడ్డం దువ్వుకుని, ఇది డోలాజ్వరమని తేల్చాడు. ఉయ్యాల ఊగినట్టు మనసు అటూ ఇటూ ఊగుతుందట. చికిత్సగా అందరికీ ఎడమ కంటికి గుడ్డ కట్టించాడు. ఒక్క కంటికి రెండు దారులు కనబడవని ఆయన సిద్ధాంతం.

వారం తిరిగేసరికి ఎనిమిది మందికి నుదుళ్ళు బొప్పి కట్టాయి. ఒకడు స్తంభాన్ని ఆచార్యులవారనుకుని సాష్టాంగపడి, ఆశీర్వాదం కోసం చాలాసేపు అలాగే ఉండిపోయాడు. శాస్త్రం మాత్రం ఒక్కరూ తేల్చుకోలేదు.

మందు పనిచేయకపోతే తప్పు రోగిదే కదా. రోగం ముదిరిందనీ, ఉపేక్షిస్తే ఊరంతా అంటుకుంటుందనీ, పౌర్ణమిలోగా నలభై మందినీ ఏరు దాటించి వెళ్ళగొట్టెయ్యాలనీ కంఠీరవశర్మ తీర్పు చెప్పాడు. రాజు సరేనన్నాడు. ఆ పీఠంలో మనిషికి జన్మలో ఒక్కసారే ప్రవేశం. ఏరు దాటితే వాళ్ళ చదువుకు నీళ్ళు వదులుకోవడమే.

ఈ సంగతి తిప్పన చెవిన పడింది. తిప్పన కొలువులో మాటకారి. సభలో నోరు విప్పడం తప్ప అతనికి వేరే ఉద్యోగం లేదు. ముంగిటికి వెళ్ళి చూస్తే పిల్లలు మూటలు కట్టుకుంటూ ఒక కంటితోనే ఏడుస్తున్నారు. తిప్పనకు ఆ వైద్యుడి మీద ఒళ్ళు మండిపోయింది. ఏరు దాటించే ముందు ఒకసారి కొలువువారినందరినీ పరీక్ష చేయించడం మంచిదని రాజుకు విన్నవించాడు. అంటువ్యాధి అన్నారు కాబట్టి రాజుకూ అది సబబుగానే తోచింది. మర్నాడు పాగా కొలువులో పరీక్ష అన్నాడు.

సింగమడుగులో పాగా కొలువని ఒక ఆచారం ఉంది. రోజూ పొద్దున రాజుగారు నిలువుటద్దం ముందు నిలబడి పన్నెండు పాగాల్లోంచి ఒకటి ఎంచుకుంటారు. అది తేలేదాకా మంత్రులైనా కూర్చోకూడదు. కాళ్ళు లాగినా గోడకు ఆనకూడదు.

మర్నాడు అందరూ బారులు తీరి నిలబడ్డారు. నలభై మంది పిల్లల్నీ ఒక మూల నిలబెట్టారు. తిప్పన వినయంగా వైద్యుణ్ణి రోగలక్షణాలు చెప్పమన్నాడు.

కంఠీరవశర్మ గొంతు సవరించుకున్నాడు. రోగి ఒకటి చూస్తాడు, అది వదిలి ఇంకోటి చూస్తాడు, 'ఏమో' అంటాడు, మళ్ళీ మొదటిదానికే వస్తాడు అని నాలుగు లక్షణాలు చెప్పాడు.

"ఈ లక్షణాలుంటే ఎంతటివారినైనా ఏరు దాటించాల్సిందేనా?"

"ఎంతటివారినైనా. రోగానికి రాజూ పేదా లేదు."

సరిగ్గా అప్పుడే రాజుగారు ఎర్రపాగా తీసి పచ్చపాగా పెట్టుకున్నారు. అద్దంలో చూసుకుని "ఏమో" అన్నారు. నీలంది పెట్టారు, తీశారు. జరీది పెట్టారు, తీశారు. ఏడోదాకా వెళ్ళి మళ్ళీ ఎర్రదాని కోసం చెయ్యి చాచారు.

తిప్పన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, పడవ రేవులోనే ఉంది. పిల్లలతోపాటు తమరూ ఎక్కేస్తే ఒక్క విడతలో పనైపోతుంది."

పాగా చేతిలో పట్టుకుని రాజు వైద్యుడి వంక చూశాడు.

"ప్రభూ, తమది రోగం కాదు," అన్నాడు కంఠీరవశర్మ తడబడుతూ. "తలకు పెట్టి చూసుకోకుండా ఏది నప్పుతుందో ఎవరికైనా ఎలా తెలుస్తుంది?"

"ఆ ముక్కే ఈ పిల్లలు ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నారు, శర్మగారూ. పాగా తలకు తగలనివ్వకుండా, పేరు చదివి నప్పిందో లేదో చెప్పమంటున్నాం మనం."

రాజు పగలబడి నవ్వాడు. రాజు నవ్వాడు గనక మంత్రులూ నవ్వి, ఆ సందట్లో గోడలకు ఆనుకున్నారు. అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. ఈ నలభై మందీ ఒక్కో శాలలో పది రోజుల చొప్పున కూర్చుని, అన్నీ చూశాకే తమ శాస్త్రం చెప్పాలి. మొదటి పది రోజులూ వైద్యశాస్త్రం శాలలో, కంఠీరవశర్మ ఎదుటే, రెండు కళ్ళూ తెరుచుకుని.

పిల్లలు కళ్ళకున్న గుడ్డలు విప్పేశారు. రాజు సంతోషం పట్టలేక చేతిలోని ఎర్రపాగాను తిప్పన తలకు తనే చుట్టాడు.

తిప్పన అద్దం ముందుకు వెళ్ళి ఇటు తిరిగి చూసుకున్నాడు, అటు తిరిగి చూసుకున్నాడు.

"ఏమో ప్రభూ. ఆ పచ్చది ఒకసారి ఇలా ఇప్పించండి."

తీరిగ్గా పెట్టి చూసుకొమ్మని రాజుగారు పంపగా, ఆ మధ్యాహ్నం పన్నెండు పాగాలూ తిప్పన ఇంటికి వెళ్ళాయి. రాజుగారు వట్టి తలతోనే కొలువుకు వచ్చి, నవ్వు ఆపుకోలేక, ఆ రోజుకు సభ చాలించారు.