నలగని నిమ్మకాయలు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా, చెప్పే నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఈ సాయంత్రానికే రాలిపోవాలి. ఆ మూడింటితోనే ఇంకా డబ్బాడు జంతికలు నమలాల్సి ఉంది కాబట్టి నమ్మవచ్చు.

తునిలో రత్నమాంబ భాగవతారిణి గారని హరికథలు చెప్పే ఆవిడ ఉండేది. శిష్యులు ఏదడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, జవాబు దానంతటదే వీధిలోంచి నడిచి వచ్చేదాకా కూర్చునేది. ఒక్కోసారి అది రావడానికి రెండేళ్ళు పట్టేది.

శిష్యుల్లో గవర్రాజుకి ముప్పై నాలుగేళ్ళు. గొంతెత్తితే పక్క ఊళ్ళో పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. అయినా పోయినేడు ఎలమంచిలి దసరా పందిట్లో అతని కథ మొదలయిన అరగంటకి జనం మొత్తం లేచిపోయారు. మైకు సెట్టు వాడు కూడా లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఈసారి గురువుగారి మాట మీద కమిటీ వాళ్ళు నవమి నాడు మళ్ళీ పిలిచారు. ఆరున్నరకి చిడతలు మోగకపోతే వేదిక పాటకచేరీ వాళ్ళకిచ్చేస్తామనీ, ఆ తర్వాత తమ ఊరి పొలిమేర కూడా తొక్కనక్కర్లేదనీ కబురు పెట్టారు. గవర్రాజు ఏడాదంతా కూర్చుని, పోయినేడు చెప్పిన పెళ్ళి కథకే పద్యాలు, శ్లోకాలు, పిట్టకథలు చేర్చి, రెండు లావుపాటి పుస్తకాలు నింపాడు. అవన్నీ చెబితే పెళ్ళికూతురు పీటల మీదికి వచ్చేసరికి వినేవాళ్ళకి మనవలు పుడతారు.

నవమి పొద్దున్నే వచ్చి అడిగాడు. "అమ్మగారూ, అన్నీ ఉన్నాయి. కథ మాత్రం అందుకోవడం లేదు. ఇంకేం కలపమంటారు?"

ఆవిడ వక్కపలుకు బుగ్గన పెట్టుకుంది.

ఆవేళ ఆయుధపూజ కూడాను. ఆవిడ కారు ఆవిడకన్నా నాలుగేళ్ళే చిన్నది. భోజనాలయ్యాక ఆవిడ కునుకు తీస్తుంటే, గవర్రాజే దానికి పూజ చేశాడు. మామూలుగా చేశాడా! బయటా లోపలా అంగుళం వదలకుండా గంధం పూశాడు, బొట్లు పెట్టాడు, అక్షింతలు చల్లాడు. హార్మోనియం, మృదంగం వెనక సర్దించి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, "కానియ్యి అప్పలకొండా" అన్నాడు డ్రైవరుతో.

అప్పలకొండ తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది. గిర్రున, హుషారుగా, ఆగకుండా తిరిగింది. అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. తొమ్మిది వందల సార్లు తిప్పి ఉంటాడు. నిమ్మకాయలు నలగకుండా అలా చూస్తూనే ఉన్నాయి.

వీధిలో వాళ్ళంతా వచ్చేశారు. పెట్రోలు పొయ్యమన్నాడొకడు. పోశారు. బ్యాటరీ మార్చమన్నాడింకొకడు. ఎక్కణ్ణుంచో మోసుకొచ్చి మార్చారు. మూడోవాడు కొబ్బరికాయ సరిగ్గా పగల్లేదన్నాడు. ఇంకోటి కొట్టారు. నిమ్మకాయలు తీసి పక్కన పెట్టి వీధి చివరిదాకా తోసి, వెనక్కి తోసుకొచ్చి, మళ్ళీ చక్రాల కింద పెట్టారు. నాలుగున్నరయింది. గవర్రాజు పట్టుపంచె చెమటకి అంటుకుపోయింది.

"ఎలాగైనా కానియ్యరా బాబూ!"

"ఎలాగంటే ఎలాగండీ? అది తిరగనంటే తిట్టొచ్చు. తిరుగుతూనే ఉంది కదా, ఏవని తిట్టను?"

గవర్రాజు చక్రాన్ని ఒక తన్ను తన్నాడు. కాలి బొటనవేలు గుమ్మడికాయంత అయింది.

ఆ కేకకి గురువుగారు లేచి వచ్చింది. చీర చెంగు బిగించి అడిగింది.

"నిన్న నడిచిందా?"

"గుర్రంలా నడిచిందండీ" అన్నాడు అప్పలకొండ.

"మరి రెండు గంటల్నుంచీ దీంట్లో ఇంకేం వెయ్యాలని చూస్తున్నారేం? నిన్న లేనిదేదో ఇవాళ ఉంది. ఒరే గవర్రాజూ, ఆ లావు వైరు ఊడదీసి ఇంజనుకి దగ్గరగా పట్టుకో. తోలు మీద పట్టుకో, రేకు మీద కాదు."

అతను కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు. అప్పలకొండ తాళం తిప్పాడు. రవ్వ రాలేదు. ఆవిడ పక్కనే ఉన్న నల్లమూతకి కొక్కేలు విప్పి, ఎత్తి చూసింది.

లోపల, రవ్వ పుట్టించే రెండు చిన్న మొనల మధ్య, రూపాయి బిళ్ళంత గంధం. దాని మీద కుంకుమ. దాని మీద ఒక అక్షింత, పీట వేసుకుని కూర్చున్నట్టు.

"ఎవరిదిరా ఈ భక్తి?"

గవర్రాజు తల దించుకున్నాడు. "బండి ప్రాణం అందులోనే ఉంటుందని అప్పలకొండ ఎప్పుడో అన్నాడండీ. ప్రాణాన్ని వదిలేసి పైపైన పూజిస్తే బాగుండదని..."

అప్పలకొండ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ప్రాణం ఉంటదన్నాను గానీ, దానికి ముద్ద పెట్టమన్నానేటండీ!"

"కాస్త గట్టి కాగితం ఉంటే ఇవ్వు" అంది గురువుగారు.

గట్టి కాగితమంటే అక్కడ ఉన్నది ఒకటే, గవర్రాజు చంకలోని మొదటి పుస్తకం. ఆవిడ అడక్కుండానే లాక్కుని, వసంతఋతువు వర్ణన ఉన్న పేజీ చింపి, మడతపెట్టి ఆ మొనల మధ్య లాగింది. గంధం వచ్చింది. పెళ్ళికూతురి జడ మీద రాసిన పద్దెనిమిది పద్యాలతో కుంకుమ వచ్చింది. మేనమామ పిట్టకథతో అక్షింత కూడా వచ్చింది. ఒక్కో పేజీ చిరుగుతుంటే గవర్రాజుకి తన వీపు మీది తోలు లాగుతున్నట్టుంది. ఆవిడ మూత బిగించింది.

"ఊఁ."

తాళం సగం తిరిగిందో లేదో, కారు గుప్పుమని ముందుకి దూకింది. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి పచ్చడయ్యాయి.

అయిదయింది. తొందరగా వెళ్తే అందుతుంది. గవర్రాజు చిరిగిన పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని కారెక్కబోతూ ఆగాడు.

"అమ్మగారూ, పొద్దున్న నేనడిగిందానికి మీరు జవాబు చెప్పనే లేదు."

ఆవిడ వక్కపలుకు రెండో బుగ్గలోకి మార్చుకుంది.

"నీ రెండో పుస్తకం అరుగు మీద వదిలేశావు. పరిగెత్తి పట్రా. దారిలో మళ్ళీ ఆగితే కాగితాలు కావాలి."