ఎంతకీ అయిపోని గ్యాస్ బండ

అనగా అనగా, రైలు ఆగకుండా కూత మాత్రం వేసి వెళ్ళిపోయే ఒక చిన్న ఊళ్ళో, పైడిరాజు అని ఒక ఇస్త్రీ బండి అతను ఉండేవాడు. కాళ్ళు ముడుచుకో బంగారుతల్లీ, దుప్పటి నాక్కూడా కావాలి. ఆఁ, పైడిరాజు. అతనికో పెళ్ళాం, పేరు నూకరత్నం. ఒక అమ్మ, పేరు సింహాచలమ్మ. సింహాచలమ్మకి నోట్లో పళ్ళు నాలుగే గానీ, నోరు మాత్రం ఊరంత.

పైడిరాజు పొద్దున్నే బజారు మలుపులో తురాయి చెట్టు కింద బండి పెట్టేవాడు. ఇనప పెట్టెలో బొగ్గులు రాజేసి, సాయంత్రం దాకా చొక్కాలూ చీరలూ ఇస్త్రీ చేసేవాడు. ఆ తర్వాత చెంబుడు నీళ్ళు తీసుకుని, మిగిలిన నిప్పుల మీద చుయ్‌మని చల్లేవాడు. ఆ తర్వాత బజ్జీల బండి దగ్గర ఆగి, స్నేహితులతో రెండు బజ్జీలు తిని టీ తాగేవాడు. అప్పుడు ఇంటికొచ్చేవాడు.

ఇంటికొచ్చాక, రత్నం వంట చేస్తుంటే గుమ్మంలో కూర్చుని ఆ రోజు బట్టల కబుర్లు చెప్పేవాడు.

"ఇవాళ ఒక చీరొచ్చింది రత్నం. అంచు నిండా నెమళ్ళు. పెట్టె ఆనించాలంటే భయమేసింది, ఎక్కడ ఎగిరిపోతాయో అని."

రత్నానికి ఆ కబుర్లంటే ప్రాణం. వింటూ వింటూ ఆ చీర తనే కట్టుకున్నట్టు, వీధి వీధంతా తననే చూస్తున్నట్టు అనుకునేది. కానీ గ్యాస్ మీద వంట ఎంతసేపు? నాలుగు కబుర్లు అయ్యేసరికి అన్నం అయిపోయేది. అన్నం అయిపోతే కబుర్లూ అయిపోయేవి.

అలా ఉండగా ఒక ఏడు ధరలు పెరిగాయి. ముందు కందిపప్పు పెరిగింది. ఆ తర్వాత నూనె పెరిగింది. ఆ తర్వాత బొగ్గులు కూడా పెరిగాయి. ఇస్త్రీకి మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ అడిగితే జనం, "మడత పెట్టుకుని తలగడ కింద పెట్టుకుంటాంలే," అని బట్టలు వెనక్కి పట్టుకుపోయారు. నెల తిరక్కుండానే బియ్యం డబ్బా అడుగు కనపడటం మొదలైంది.

అప్పుడు ఒక సాయంత్రం పైడిరాజు బట్టల కబురు చెప్పలేదు. వేరే కబురు చెప్పాడు.

"పట్నంలో పెద్ద హోటలుంది రత్నం. దుప్పట్లు ఇస్త్రీ చెయ్యాలి. తిండి వాళ్ళదే. ఆర్నెల్ల దాకా సెలవు ఇవ్వరట. వెళ్తాను."

"ఎప్పుడు?" అంది రత్నం.

"బండ మోసుకురావడం మీ ఇద్దరి వల్లా కాదు. ఈ గ్యాస్ బండ అయిపోనీ. కొత్తది తెచ్చి పెట్టి, అటక మీద నాన్న ట్రంకుపెట్టె దింపి బట్టలు సర్దుకుని వెళ్తాను."

రత్నం బండకేసి చూసింది. వాళ్ళింట్లో బండ నెలా పది రోజులొచ్చేది. అప్పటికి పెట్టి వారమే అయింది. అంటే మొగుడు ఇంట్లో ఉండేది ఇంకో నెల. మెల్లగా స్టవ్ మంట తగ్గించింది. దీన్ని ఎలాగైనా అయిపోకుండా చూడాలి, అనుకుంది.

మరేం చేసిందనుకున్నావ్?

ముందు ఒక తెలివితక్కువ పని చేసింది. పప్పు కుతకుతమని ఉడుకు రాగానే దించేసేది. పొద్దున ఒక్కసారే వండి సాయంత్రం చల్లన్నం పెట్టేది. సరుకులు కలిసొస్తాయని తన కంచంలో ఒక గరిటె తక్కువ వడ్డించుకునేది.

సింహాచలమ్మ పప్పు నోట్లో పెట్టుకుని, మళ్ళీ బయటికి తీసి చూసింది.

"ఏమే పిల్లా, ఇది పప్పా, గులకరాళ్ళా? ఉన్న నాలుగు పళ్ళూ నీకు అడ్డమొచ్చాయా?"

రత్నం తలొంచుకుంది గానీ మానలేదు. నాలుగో రోజున వీధి కుళాయి దగ్గర కళ్ళు తిరిగాయి. బిందె చేతిలోంచి జారి, దొర్లి, కాలవ దాకా వెళ్ళింది. ఇంత సొట్ట పడింది.

అప్పుడు సింహాచలమ్మ ఆమెని కూర్చోబెట్టి, మజ్జిగన్నం కలిపి ముద్దలు పెట్టింది. పెడుతూనే తిట్టింది. "నీ కంచంలోది తీసి దాస్తే ఏమొస్తుందే? రేపు జ్వరమొస్తే మందుల షాపువాడు పట్టుకుపోతాడు. ఎందుకొచ్చిన పిచ్చి నీకు?"

రత్నం ముద్ద మింగి, ఏడుపు మింగలేక చెప్పేసింది. "బండ అయిపోతే మావ వెళ్ళిపోతాడత్తా."

సింహాచలమ్మ చెయ్యి ముద్దతో అలాగే ఆగిపోయింది. ఆ తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఈ మాట ముందే చెప్పొద్దూ? వాడు వెళ్ళిపోతే నేను మాత్రం ఎవర్ని తిట్టుకుంటూ బతకను? కడుపు మాడ్చకుండా మిగిల్చే దారులు సవాలక్ష. రేపు సంత. నాతో రా."

అప్పట్నుంచి అత్తా కోడలూ ఒక్కటైపోయారు. పైడిరాజుకి మాత్రం చెప్పలేదు.

మర్నాడు సింహాచలమ్మ సంతకి పొద్దున్న వెళ్ళలేదు. పొద్దువాలేదాకా కాళ్ళు చాపుకుని కూర్చుంది. అంగళ్ళవాళ్ళు గోనెలు దులిపే వేళకి లేచింది. మిగిలిన కూరగాయలు మళ్ళీ ఊరికి మోసుకుపోవాలంటే వాళ్ళకి బద్ధకం. పొద్దున గీచి గీచి అమ్మినవాళ్ళే, "మామ్మగారూ, తీసుకెళ్ళండి, ఎంతోకొంత ఇచ్చి తీసుకెళ్ళండి," అని పిలుస్తున్నారు.

రత్నానికి సంతోషం పట్టలేదు. అత్త చింతపండు వాసన చూస్తూ ఉండగానే గంపెడు వంకాయలు కొనేసింది. ఇంకో గంప టమాటాలు కూడా.

"ముగ్గురికి రెండు గంపలా?" అంది సింహాచలమ్మ. "పెళ్ళి గానీ ఉందేంటే మనింట్లో?"

"చవగ్గా ఇచ్చాడు కదత్తా!"

"కుళ్ళిపోయాక కూడా చవగ్గానే ఉంటాయి."

అయినా సింహాచలమ్మ వాటిని కుళ్ళనిస్తుందా? మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కత్తిపీటలు ముందేసుకున్నారు. వంకాయలు నాలుగు చీలికలు చేసి, ఉప్పూ పసుపూ రాసి, డాబా మీద పాత పంచెలో ఎండబెట్టారు. టమాటాలూ చక్రాల్లా కోసి ఎండబెట్టారు. అప్పుడు మూడు రోజులు ఎర్రటి ఎండ. కాకులు వస్తే సింహాచలమ్మ కర్ర పట్టుకుని కూర్చుని, వాటినీ తిట్టింది. గలగలమనే వరుగులు అయ్యాయి. ఇంట్లో ఖాళీ డబ్బాలు లేవు. "నేను దాస్తాలే," అని సింహాచలమ్మ వాటిని ఎక్కడో దాచింది. ఎక్కడని రత్నం అడగలేదు. ఆ తర్వాత ప్రతి సంతకీ ఇలాగే కొని, ఎండబెట్టి దాచారు.

కూరగాయల ధరలు మండిపోయే రోజుల్లో గుప్పెడు వరుగులు నానేసి, పులుసు పెట్టుకునేవాళ్ళు. పప్పు ముందే నానబోసి, మూత పెట్టి వండేవాళ్ళు. మెత్తగా ఉడికేది, గ్యాస్ కూడా తక్కువ పట్టేది.

కానీ బండ బండే కదమ్మా. ఎంత జాగ్రత్తగా వాడినా అయిపోతుంది. రోజూ రత్నం దాన్ని చేత్తో తట్టి చూసేది. చప్పుడు రోజు రోజుకీ డొల్లగా వస్తోంది.

అలా ఉండగా ఒక సాయంత్రం, మొగుడు మర్చిపోయిన తువ్వాలు ఇద్దామని రత్నం బండి దగ్గరికి వెళ్ళింది. తురాయి పూలు బండి మీదా, మడతల మీదా, పైడిరాజు భుజం మీదా రాలి ఉన్నాయి. ఎంత బావున్నాడో మా ఆయన, అనుకుంటూ నిలబడింది. అప్పుడు పైడిరాజు ఇనప పెట్టె మూత తీశాడు. లోపల నిప్పులు ఎర్రగా, దానిమ్మ గింజల్లా మెరిసిపోతున్నాయి. అతను చెంబు ఎత్తాడు.

"ఆగు మావా! అంత మంచి నిప్పులు ఎందుకు ఆర్పేస్తున్నావ్?"

"పొద్దు పోయింది కదా. ఆర్పాలి."

"ఎందుకు?"

"మా నాన్న ఆర్పేవాడు."

"మీ నాన్న ఎందుకు ఆర్పేవాడు?"

పైడిరాజు బుర్ర గోక్కున్నాడు. "మా తాత ఆర్పేవాడు!"

ఇద్దరూ ఇంటికెళ్ళి సింహాచలమ్మని అడిగారు.

"అప్పట్లో మనది తాటాకు ఇల్లురా," అంది ఆమె. "ఒక్క నిప్పురవ్వ పడితే కొంపంతా పోయేది. నిప్పుతో వస్తే మీ నాన్నని నేను గుమ్మం ఎక్కనిచ్చేదాన్ని కాదు."

రత్నం తలెత్తి పైకి చూసింది. పైడిరాజు కూడా చూశాడు. సింహాచలమ్మ కూడా చూసింది. నెత్తి మీద సిమెంటు డాబా. అది వేసి పన్నెండేళ్ళయింది. పన్నెండేళ్ళ నుంచి ఆ ఇంట్లో వాళ్ళు తాటాకు ఇల్లు కాలిపోతుందని రోజూ నిప్పులు ఆర్పుకుంటూనే ఉన్నారు!

సింహాచలమ్మ నాలుగు పళ్ళూ కనపడేలా నవ్వింది.

మర్నాటి నుంచి పైడిరాజు నిప్పుల మీద నీళ్ళు చల్లలేదు. చేటంత ఇనప మూకుట్లో వేసి, పైన బూడిద కప్పి, పట్టకారుతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు. సింహాచలమ్మ అటక మీంచి పాత కుంపటి దింపించింది. గుమ్మం బయట, గాలి ఆడే చోట పెట్టింది. ముందు దాని మీద పప్పు ఉడికింది. ఆ తర్వాత పాలు కాగాయి. ఆ తర్వాత సింహాచలమ్మ మోకాళ్ళకి కాపడం పెట్టుకునే నీళ్ళు కూడా కాగాయి. సాయంత్రం పూట గ్యాస్ వెలిగించే పనే లేకపోయింది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. నిప్పులు ఎవరి కోసమూ ఆగవు కదా? పైడిరాజు మూకుడు పట్టుకుని వస్తుంటే బజ్జీల బండి దగ్గర స్నేహితులు పిలిచేవాళ్ళు.

"ఒరే పైడీ! టీ తాగిపోరా!"

"చల్లారిపోతాయిరా!"

"టీయా?"

"నిప్పులురా బాబూ!"

"చూడండర్రా, పెళ్ళామంటే ఎంత భయమో!" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. పైడిరాజు కూడా నవ్వేవాడు గానీ ఆగేవాడు కాదు. గబగబా నడిచి ఇంటికొచ్చేవాడు. బజ్జీల డబ్బులు జేబులోనే ఉండిపోయేవి. అవి రత్నం చేతిలో పోసేవాడు.

ఇంకా మంచి సంగతి ఏంటంటే, కుంపటి మీద పప్పు నిదానంగా ఉడుకుతుంది. ఎంతసేపు ఉడికితే అన్ని కబుర్లు. మాస్టారి చొక్కా జేబులో దొరికిన గులాబీ రేకు కబురు. వర్షంలో తడిసిన ఊదారంగు పావడా కబురు. రత్నం కుంపటి విసురుతూ వినేది. ఒక్కోసారి కావాలనే విసరడం ఆపేసేది. పప్పు ఆలస్యం కావాలని! ఎవరికీ చెప్పకేం.

నెలా పది రోజులు అయ్యాయి. పైడిరాజు బండ ఊపి చూశాడు. "ఇంకా ఉందే!" అన్నాడు.

రెండు నెలలు అయ్యాయి. మళ్ళీ ఊపి చూశాడు. "ఇదేం బండే బాబూ!" అన్నాడు.

మూడోసారి అతను ఊపనక్కర్లేకపోయింది. మూడు నెలలు అవుతుండగా, ఒక పొద్దున్న టీ పెడుతుంటే నీలం మంట కాస్తా చిన్నదైంది. చిక్కుడు గింజంత అయింది. ఆ తర్వాత టప్పున ఆరిపోయింది.

రత్నం టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. సింహాచలమ్మ తిట్టడం కూడా మర్చిపోయింది.

పైడిరాజు సైకిల్ మీద కొత్త బండ తెచ్చాడు. పెట్టాడు. వెలిగించి చూశాడు. ఆ తర్వాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, ట్రంకుపెట్టె దింపాడు. రత్నం గోడ వైపు తిరిగిపోయింది.

అతను పెట్టె మూత తీశాడు. గుప్పుమని వాసన వచ్చింది. పెట్టె నిండా, అంచుల దాకా, వంకాయ వరుగులు!

"అమ్మా! ఇదేంటి? నా బట్టలు ఎక్కడ సర్దుకోను?"

"దండెం మీదే ఉండనీరా," అంది సింహాచలమ్మ, ఏమీ ఎరగనట్టు. "నాకు డబ్బాలు లేవు. నీ బట్టలా, నా వరుగులా?"

పైడిరాజుకి నవ్వాగలేదు. సరే, సంచీ ఏదైనా ఉందేమోనని వంటింట్లో వెతికాడు. సంచీ పక్కన బియ్యం డబ్బా ఉంది. మూత తీశాడు. నెలాఖరు రోజులు. అడుగు కనపడాల్సిన వేళ. డబ్బా సగం పైన బియ్యం ఉన్నాయి. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది.

"ఇవెక్కడివి రత్నం?"

రత్నం ఇటు తిరిగింది. కళ్ళు తుడుచుకుంది. "నీ బజ్జీలే బియ్యమయ్యాయి మావా."

"మరి బండ? దాన్ని అన్నాళ్ళు ఎందుకు లాగించారు?"

"నువ్వు వెళ్ళిపోతావని."

పైడిరాజు గుప్పెడు బియ్యం తీసి చూసి, మళ్ళీ డబ్బాలో పోశాడు. ఆ తర్వాత లేచాడు. ట్రంకుపెట్టె మూత వేశాడు. మోసుకెళ్ళి మళ్ళీ అటక మీదే పెట్టాడు.

"హోటలు దుప్పట్లన్నీ తెల్లవేనట," అన్నాడు నిచ్చెన మీంచే. "తెల్ల దుప్పట్ల గురించి ఏం కబుర్లు చెప్తాం?"

ఆ సాయంత్రం అతను ఎప్పటికన్నా ముందే వచ్చాడు. మూకుట్లో నిప్పులు భగభగలాడుతున్నాయి. కుంపటి మీద పప్పు పెట్టి, రత్నం విసనకర్ర తీసింది. ఆ తర్వాత మళ్ళీ పక్కన పెట్టేసింది.

"ఇవాళ ఒక చీరొచ్చింది రత్నం," అన్నాడు పైడిరాజు.

ఏంటమ్మా? ఆ చీర ఏ రంగా? అది పైడిరాజు ఇంకా చెప్తూనే ఉన్నాడు. నువ్వు కళ్ళు మూసుకుంటే నీకూ కనపడుతుంది.

కథేమో కంచి బస్సెక్కింది,
కుంపట్లో కణిక కునుకేసింది,
పప్పేమో మెత్తగా ఉడికింది,
మా బంగారుతల్లి కళ్ళు మూసింది.