పటం వెనక తాళంచెవి

ఊరందరి తప్పులూ వేలుపెట్టి చూపించే సుగుణ అనే అమ్మాయి గుండ్లవంకలో ఉండేది. తన నాయన తుపాకీ పోవడానికి కారణం తానేనన్న ఒక్క మాటను మాత్రం ఆమె పదకొండు రోజులుగా పెదవి దాటనివ్వలేదు.

సుగుణ చదువు పదో తరగతితో ఆగింది. ఆగిందని ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు. సంతలో తూకానికి అమ్మే పాత పుస్తకాలు కొనుక్కుని, ఫోనులో పాఠాలు విని, ఆఫీసుల భాష తనంతట తానే నేర్చుకుంది. పింఛను ఆగినా, పాసుపుస్తకంలో పేరు తప్పు పడినా ఊళ్ళోవాళ్ళు ఆమె దగ్గరికే వచ్చేవారు. అర్జీ రాసేటప్పుడు ఆమెకు కలం కంటే నోరు ముందు నడిచేది. వీధిలైటు వెలగలేదని పంచాయతీ కార్యదర్శిని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. మంచినీళ్ళ ట్యాంకుకు మూత లేదని వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి తిట్టింది. తిట్టిన ప్రతిసారీ న్యాయం ఆమె వైపే ఉండేది. అదే ఆమెకు అలవాటైపోయింది.

ఆమె నాయన చెంగల్రాయుడు వేరుశెనగ రైతు. చేను కొండ వారన ఉండేది కాబట్టి కాయ ఊరే వేళకు అడవిపందులు దిగి సాళ్ళకు సాళ్ళు పెళ్ళగించేవి. పంట కాపాడుకోవడానికని ఆయన లైసెన్సు తెచ్చుకుని జోడు గొట్టాల తుపాకీ కొన్నాడు. దాని వెనక కర్ర ఒకసారి పగిలితే ఇత్తడి తీగ చుట్టించాడు. ఆ తుపాకీ పందుల్ని బెదిరించింది తక్కువ, చుట్టాల్ని బెదిరించింది ఎక్కువ. పెళ్ళిచూపులకు ఎవరైనా వచ్చినా సరే, కాఫీ కంటే ముందు తుపాకీ బయటికి వచ్చేది.

మూడేళ్ళ కిందట లైసెన్సు తిరగరాయించినప్పుడు హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు ఇల్లు చూడటానికి వచ్చాడు. తుపాకీ రేకు పెట్టెలో ఉంది. తూటాలూ అందులోనే ఉన్నాయి. తాళంచెవి దేవుడి గూట్లో పటం వెనక ఉంది. ఓబులేసు తల పట్టుకున్నాడు. రేకు పెట్టెను చంకలో పెట్టుకుపోవచ్చు, గోడకు బిగించిన ఇనప బీరువా కావాలన్నాడు. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో ఉండాలన్నాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకోమన్నాడు, తుపాకీ నంబరు ఒక కాగితం మీద రాసి విడిగా దాచుకోమన్నాడు. చెంగల్రాయుడు మీసం దువ్వాడు. తన గడప దాటి వచ్చే మగాడు ఇంకా పుట్టలేదన్నాడు. సుగుణ ఆ రోజంతా నాయనతో పోట్లాడింది. మర్నాటికి మరచిపోయింది.

ఈ ఏడాది ఆయుధపూజ నాడు చెంగల్రాయుడు ట్రాక్టరుకు, మోటారుకు, కొడవళ్ళకు పసుపూ కుంకుమా పెట్టి, చివరికి తుపాకీ దగ్గరికి వచ్చాడు. సుగుణ ఫోను ఎత్తి పట్టుకుంది. ఆయన గూట్లో చెయ్యి పెట్టి పటం వెనక నుంచి తాళంచెవి తీశాడు. పెట్టె తెరిచాడు. తుపాకీకి బొట్టు పెట్టి, పక్కన తూటాలు పేర్చి, దండం పెట్టుకున్నాడు. అంతా నలభై సెకండ్లు. దాన్ని ఆమె ‘మా నాయన సింహం’ అని పేరు పెట్టి లోకం మీదికి వదిలింది. ఆరొందల మంది చూశారు. అంతకుముందు ఆమె పెట్టిన ఏ వీడియోనూ అరవై మందికి మించి చూడలేదు.

ముక్కూ మొహం తెలియని ఒకడు తెగ మెచ్చుకున్నాడు. ఇంత పాత తుపాకీ ఇంకా పేలుతుందా అని అడిగాడు. భేషుగ్గా పేలుతుందని ఆమె జవాబు రాసింది. ఇంత విలువైన వస్తువును వదిలి మీరు ఊరికి కూడా పోలేరేమో పాపం అన్నాడు. ఆ ‘పాపం’ ఆమెకు గుచ్చుకుంది. మాకేం భయం, గురువారం ఇంటిల్లిపాదీ పీలేరులో గృహప్రవేశానికి పోతున్నామని రాసింది.

గురువారం పోయారు. సాయంత్రానికి తిరిగి వచ్చారు. దొడ్డి తలుపు గడియ ఊడి ఉంది. పెట్టె తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి పటం వెనకే ఉంది. తుపాకీ లేదు, తూటాలు లేవు. సుగుణ వెంటనే వీడియో తీసేసింది. అడిగినవాడి పేరూ వాడి ప్రశ్నలూ మాత్రం ఫోనులోనే ఉండిపోయాయి. రెండుసార్లు వాటిని చెరిపేయబోయి, వేలు ఆడక ఆగిపోయింది.

చెంగల్రాయుడు మీసం మళ్ళీ లేవలేదు. స్టేషనుకు పోదామని భార్య అంటే కసిరాడు. లైసెన్సు పోతుందన్నాడు, సింహం ఇంట్లో దొంగలు పడ్డారని జనం నవ్వుతారన్నాడు. తాళం పగల్లేదు కాబట్టి తీసింది తెలిసినవాడేనని తేల్చాడు. ఓబులేసును పక్కన పెడితే, తాళంచెవి సంగతి ఇంట్లో ముగ్గురికి కాక ఇంకొక్కరికే తెలుసు. అతను మునెయ్య. పదిహేనేళ్ళుగా వాళ్ళ చేను కాపలా కాస్తున్నవాడు. పిలిపించి కర్పూరం వెలిగించారు. నేరం చేయలేదని చెప్పి దాన్ని అరచేత్తో ఆర్పమన్నారు. మునెయ్య మారుమాట లేకుండా ఆర్పాడు. చెయ్యి బొబ్బలెక్కింది. చెయ్యి కాలింది కాబట్టి అబద్ధమాడాడని చెంగల్రాయుడు అన్నాడు. కాలకపోయి ఉంటే మంత్రం తెలుసు అనేవాడేమో.

సుగుణకు కడుపు మండిపోయింది. నిప్పుతో న్యాయం తేల్చే కాలమా ఇది అని నాయన మీద విరుచుకుపడింది. అంతా అన్నది. అనవలసిన ఒక్కటీ అనలేదు.

తుపాకీ పోయిన ఆరో రోజున కొండదారిలో ఒకడు పాలవ్యానును ఆపాడు. జోడు గొట్టాలు డ్రైవరు గుండెకు ఆనించి సెల్లూ ఉంగరమూ లాక్కున్నాడు. ఆ డ్రైవరు గుండ్లవంకలో టీ తాగుతూ కథంతా చెప్పాడు. కర్రకు ఇత్తడి తీగ చుట్టి ఉందని, ఆ తీగను చూస్తూనే తన పిల్లల పేర్లు తలుచుకున్నానని అన్నాడు. చెంగల్రాయుడు పక్క బెంచీ మీదే కూర్చుని విన్నాడు. టీ సగంలో వదిలి లేచి వచ్చాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పాడే గానీ స్టేషనుకు మాత్రం కదల్లేదు. ఒక మనిషి గుండె మీద తన తుపాకీ ఆనిందని తెలిసి కూడా పరువునే తలుచుకునేవాణ్ణి ఏమనాలి?

పదకొండో రోజు ఉదయం ఓబులేసు మోటారుసైకిలు మీద వచ్చాడు. పంచాయతీ ఎన్నికలు వచ్చాయి కాబట్టి లైసెన్సు ఉన్న తుపాకులన్నీ ఎల్లుండిలోగా స్టేషనులో అప్పగించాలని చెప్పాడు. చెంగల్రాయుడు సరేనన్నాడు. వెళ్ళబోతూ ఓబులేసు పక్క మండలం సంగతి ఒకటి చెప్పాడు. అక్కడ ఒక రైతు తుపాకీ పోతే గంటలోపే ఫోను చేశాడట. నంబరు అన్ని స్టేషన్లకూ పంపారట. ఆ సాయంత్రమే బస్టాండులో దుప్పటి చుట్టిన తుపాకీతో దొంగ దొరికాడట. గంట దాటితే తుపాకీ చేతులు మారుతుంది, రోజు దాటితే జిల్లా మారుతుంది అన్నాడు ఓబులేసు. గడప లోపల నిలబడిన సుగుణ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టబోయి మానేసింది.

ఆయన వెళ్ళగానే చెంగల్రాయుడు కూతుర్ని కూర్చోబెట్టి తెల్లకాగితం ఇచ్చాడు.

"రాయి," అన్నాడు. "నిన్న మధ్యాన్నం మేము చేనికాడ ఉండగా మా కాపలా మునెయ్య పెట్టె తెరిచి తుపాకీ ఎత్తుకుపోయినాడు, అని రాయి."

"నిన్నా? పోయి పదకొండు దినాలయింది గదా నాయనా."

"పదకొండు దినాలు ఏం చేస్తాంటివిరా అని అడిగితే ఏం చెప్పేది? నిన్ననే అని రాయి."

సుగుణ కలం కింద పెట్టింది. "నిన్నటిదాకా తుపాకీ మనింట్లోనే ఉండిందని రాస్తే, పాలవ్యాను ఆపినోడికి మనమే సాక్ష్యం చెప్పినట్టు. వాడు హాయిగా తిరుగుతాడు. మునెయ్య జైల్లో కూర్చుంటాడు. నీకు అన్నం ఎట్ల దిగుతుంది నాయనా?"

చెంగల్రాయుడు గొంతు పెంచలేదు. "తాళంచెవి పటం వెనక ఉండాదని తెలిసింది నలుగురికి. నేను తీసుకోలేదు. మీయమ్మ తీసిందా? నువ్వు తీసినావా? వాడు కాకుంటే ఎవరో నువ్వే చెప్పు."

ఊరందరికీ జవాబు చెప్పే సుగుణ తల దించుకుంది. నలుగురు కాదు నాయనా, ఆరొందల నలుగురు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ‘మహారాజశ్రీ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారికి’ అని పైన ఒక్క వరుస రాసి, లోపల కూర్చుని రాసుకొస్తానని చెప్పి లేచిపోయింది.

దొడ్లో బట్టలుతికే బండ దగ్గర మునెయ్య భార్య రెడ్డెమ్మ నిలబడి ఉంది. ముందు వాకిట్లోంచి రావడానికి భయపడి కంచె సందులోంచి వచ్చింది. ఊళ్ళో మాట అప్పుడే పాకిపోయినట్టుంది. రేపు పోలీసులు వస్తారంట గదా పాపా అని అడిగింది. మునెయ్య కొండ దాటి పోదామంటున్నాడని, తానే వద్దంటున్నానని చెప్పింది.

"పారిపోతే నిజమే అనుకుంటారు గదా," అంది రెడ్డెమ్మ. "మాకొక కాగితం రాసియ్యి పాపా. నువ్వు రాస్తే ఆపీసుల్లో చెల్లుతుంది. దాన్ని చేతిలో పట్టుకుని ఇంటి ముందర కూర్చుంటాము. ఆయప్ప ఎడమచేత్తో వేలిముద్ర వేస్తాడు. కుడిచెయ్యి ఇంకా మానలేదు."

"ఏమని రాయాల?" అని సుగుణ అడిగింది. ఆ గొంతు తనది కానట్టు ఆమెకే వినిపించింది.

"మేము తీయలేదని రాయి. ఎవరు తీసినారో మాకు తెలీదు, తెలిసినోళ్ళుంటే సెప్పండయ్యా అని రాయి. దేవుడు నీకు మంచి చేస్తాడు."

సుగుణ అప్పటిదాకా ఎంతమంది మీద కోపగించుకుందో లెక్కలేదు. తుపాకీని బొమ్మలాగా చూపించుకున్న నాయన మీద, కర్పూరం తెచ్చిచ్చిన అమ్మ మీద, పొగిడి మోసం చేసిన దొంగ మీద పదకొండు రోజులుగా రగిలిపోతూనే ఉంది. ఆ కోపమంతా ఇప్పుడు చుట్టూ తిరిగి వచ్చి తన ఎదుటే నిలబడింది. నాయన మునెయ్య చేతిని కర్పూరంతో కాల్చాడు. ఆ చెయ్యి కాలుతుంటే తాను చూస్తూ నిలబడింది. దొంగ పేరు తన ఫోనులో ఉంది. వాణ్ణి పట్టుకునే దారీ అందులోనే ఉంది. పాలవ్యాను డ్రైవరు పిల్లల్ని తలుచుకున్న రోజున కూడా ఉంది. ఇంకొకరెవరైనా ఈ పని చేసి ఉంటే తాను వాళ్ళను బజారులో నిలబెట్టి ఉండేది.

చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నాయన లైసెన్సు పోతుంది. ఆయన తనతో ఎన్నాళ్ళు మాట్లాడడో తెలియదు. రేపటి నుంచి ఆమె ఎవరినైనా ఒక మాట అంటే, ముందు నీ సంగతి చూసుకో తల్లీ అని ఊరంతా నవ్వుతుంది.

"అయిందా మే?" అని వసారాలోంచి నాయన కేకేశాడు.

సుగుణ చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించేసింది. రెడ్డెమ్మ చూసి బెదిరిపోయింది, తమకు రాసే కాగితమే చించేసిందనుకుంది.

"మీకు కాగితం అక్కర్లేదు రెడ్డెమ్మత్తా," అంది సుగుణ. "తెలిసినోళ్ళు చెప్తారు. నువ్వు ఈడనే కూర్చుని విను."

ఆమె ఫోను తీసి ఓబులేసు నంబరు వెతికింది. మొదటి మాట ఏమని అనాలో ఎన్ని అర్జీలు రాసిన చేతికీ తోచలేదు. ఎలాగైనా అనాల్సిందేనని, ఈ మాట ఇక రేపటికి ఆగదని నిశ్చయించుకుంది.

ఆయుధం ఉన్న చోటు ఎవరికీ చెప్పకూడదు. అది పోయిన సంగతి ఒక్క గంటైనా దాచకూడదు.