పిట్ట వాటా

అనగనగా కొండ కొమ్మున ఒక గూడెం. ఆ గూడేనికి తేనె దారి చూపించేది నీ పిడికిలంత బూడిదరంగు పిట్ట. తేనెపట్టు ఎక్కడుందో దానికి తెలుసు, పొగబెట్టి దించడం రాదు. మనుషులకి దించడం వచ్చు, ఎక్కడుందో తెలీదు. అందుకని పిట్ట పిలిచేది, మగవాళ్ళు ఈలవేసి వెంట వెళ్ళేవాళ్ళు. తేనె మనుషులకి, మైనం పిట్టకి. అదీ ఒప్పందం.

సంతలో మైనానికీ ధర ఉందని గూడెం పెద్ద బయన్నకి తెలిసింది. అప్పుడు మైనమంతా మూటగట్టాడు. పిట్ట ఊరుకుంది. రెండోసారీ మూటగట్టాడు. పిట్ట ఊరుకుంది. మూడోసారి తిన్నగా తీసుకెళ్ళి ఎలుగుబంటి గుహ ముందు నిలబెట్టింది. బయన్న పంచె అక్కడే ఉండిపోయింది, బయన్న మాత్రం వచ్చాడు.

ఆ తర్వాత పిట్ట రాలేదు. తేనె లేదు. సంతలో అమ్మడానికి తేనె లేక జొన్నలూ లేవు. పిల్లలు గంజినీళ్ళు తాగి పడుకున్నారు.

ఈదమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక మైనం ముద్ద మిగిలింది. అమ్మితే కూతురికి మూడు రోజుల గింజలొస్తాయి. ఆమె దాన్ని పట్టుకుని అడవిదారి పట్టింది.

"ఆడది ఈలవేస్తే అడవి అలుగుతుందే," అన్నాడు బయన్న.

"మీ ఈలకి ఎలుగుబంటి వచ్చింది కదా మావా. నా ఈలకి ఏమొస్తుందో చూద్దాం."

మొదటిరోజు కాస్త మైనం బండమీద పెట్టి ఈలవేసింది. పిట్ట వచ్చింది, చూసింది, ఎగిరిపోయింది. రెండోరోజు ఇంకాస్త పెట్టి దూరం జరిగింది. పిట్ట తిని వెళ్ళిపోయింది.

"అమ్మా, రోజూ పిట్టకేనా?" అంది ఆకలితో కూతురు. ఈదమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు, దిగడానికి ముద్దా లేదనుకో.

మూడోరోజు ఉన్న చివరి ముక్కా పెట్టేసింది. అప్పుడు పిట్ట తిని, ముక్కు కొమ్మకి తుడుచుకుని, కిర్ కిర్‌మని పిలిచింది. చెట్టుచెట్టుకీ ఎగురుతూ, ఆమె వెనకబడితే ఆగుతూ, రెండు గుట్టలు దాటించి పెద్ద పట్టు చూపించింది. ఎంత తెలివో చూడు చిట్టితల్లీ. మోసం మర్చిపోలేదు, మోసం చెయ్యనిదాన్ని మాత్రం పోల్చుకుంది.

ఈదమ్మ పొగబెట్టి పట్టు దించింది. ముందు పిట్టకి పెట్టింది. ఆ తర్వాతే కుండ నింపుకుని గూడేనికి వచ్చింది.

బయన్న ఆకు పరుచుకుని కూర్చున్నాడు. "మొదటి వాటా గూడెం పెద్దకి కదా."

"మొదటిది పిట్ట తినేసింది మావా. ఇప్పుడు పిల్లలది. ఆ తర్వాత మీది, మిగిలితే."

కథ పోయె కంచికి,
పిట్ట పోయె కొమ్మకి,
కళ్ళు మూయవే చిట్టీ,
నిద్ర వచ్చె గుమ్మానికి.